రెండో కంట్రోలర్

నార్బ్ ఆ పాత వీడియో గేమ్ పలకను ఉన్ని మేజోడులో దూర్చి తెచ్చాడు.

"ఉన్నిలోనా!" ఇల్సా తలుపు తీసిన చేత్తోనే నెత్తి పట్టుకుంది. "ఒరేయ్ నార్బ్, ఈ చలికి ఉన్ని ముట్టుకుంటే పిల్లి ఒంటి మీదే చిటపటలు లేస్తాయి. ఆ చిప్పులకి ఒక్క చిటుకు తగిలిందా, తెలిసిందంతా మర్చిపోయి కూర్చుంటాయి."

"మెత్తగా ఉంటుందని పెట్టాను. ఉతికిందేలే," అన్నాడు అన్న, బూట్లకంటిన మంచు గడప బయటే దులుపుతూ.

ఆమె మేజోడు తిరగేసి, పలకను చెక్కబల్ల మీదికి జార్చింది. పైన ప్లాస్టిక్ డొప్ప లేదు. ఆకుపచ్చ పలక మీద నల్ల చిప్పులు, ఒక్కోదాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ, వెలుతురు పడకుండా దాని మీద అంటించిన తెల్లకాగితం ముక్క. ఒక ముక్క మీద ఎవరో పెన్నుతో 'ఫార్ షోర్' అని రాశారు. అంటే అవతలి ఒడ్డు. వాళ్ళిద్దరి చిన్నప్పుడు మాడిసన్‌లో ఒక బుల్లి కంపెనీ తయారుచేసిన ఆట అది. గడ్డకట్టిన సరస్సుల మీద తెరచాప పడవ నడిపి అవతలికి చేరాలి. అంగట్లో అమ్మిన పెట్టెలు ఊరూరా ఉన్నాయి. ఇది మాత్రం చిత్తు ప్రతి, ఆట ఇంకా ఉడుకుతుండగా గరిటెతో తీసి ఉప్పు చూసుకున్నది. మాడిసన్‌లోనే ఒక చర్చి వాళ్ళ పాతసామాన్ల అమ్మకంలో, తీగల పెట్టె అడుగున నార్బ్‌కి దొరికింది.

"ఇంక దీంతోనూ, దీన్ని ఆడించే ఆ పాత యంత్రంతోనూ అయిపోతుంది," అన్నాడు నార్బ్. "మిగతా ఆటలన్నీ ఇచ్చేశా. ఈ చలికాలం ఆడతా. సరస్సు కరిగేసరికి ఇవీ ఎవరికో ఇచ్చేస్తా."

చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి. లోపలికొచ్చి కూర్చున్నా తియ్యలేదు. పడవ మోటార్ల కార్ఖానాలో ఇరవై ఏళ్ళు లేత్ మీద పనిచేసి, వెంట్రుక మందం తేడాని వేలితో చెప్పగలిగినవాడు. వణుకు మొదలయ్యాక అతన్ని సరుకులు పంపించే బల్ల దగ్గరికి మార్చారు. మందు వేసుకున్నాక కొంతసేపు చేతులు మాట వింటాయి. ఆ కొంతసేపు తగ్గుతూ వస్తోంది.

ఇల్సాకి అడగక్కర్లేకుండానే తెలుసు, అన్నకి ఏం కావాలో. ఆ ఆటలో చివరి సరస్సు అతను ఏనాడూ దాటలేదు. పద్నాలుగేళ్ళప్పుడు దాటలేదు, పెళ్ళయ్యాక దాటలేదు. ఇంకొకళ్ళు దాటుతుండగా తీసిన వీడియోలు బోలెడున్నాయి, ఒక్కటీ చూడడు. ఎవరైనా మాట వరసకి చెప్పబోయినా చెవులు మూసుకుంటాడు. ఆ ఒడ్డు తన చేతుల్తో దాటి తనే చూడాలి. మొదటి ఎనిమిది సరస్సులూ దాటేలోపు వేళ్ళు అలిసిపోయి, తొమ్మిదోదాని దగ్గర వణుకు తయారుగా కూర్చుంటోంది.

"ఆట తయారుచేసేవాళ్ళు పరంజా వేసుకుంటారు నార్బ్, ఇల్లు కట్టేవాళ్ళలాగా. మొదట్నుంచీ ఆడకుండా నచ్చిన చోటికి దూకడానికి, తప్పులు వెతకడానికి. అమ్మేముందు ఊడదీస్తారు. చిత్తు ప్రతిలో ఉండిపోయే వీలుంది. అది దొరికితే నిన్ను తిన్నగా చివరి సరస్సు దగ్గర దింపుతా."

"దొడ్డిదారిన పోను నేను."

"ముందు దొడ్డిదారి ఉందో లేదో చూడనీరా బాబూ."

ఇల్సా పగలు కాగితం మిల్లు ప్రయోగశాలలో పనిచేస్తుంది. దీపం ముందు కాగితం పట్టుకుని నారలో లోపం వెతకడం ఆమె ఉద్యోగం, పాత ఆటల కడుపులో ఏముందో వెతకడం సరదా. రెండింటికీ అవే కళ్ళు చాలు. మరునాడు సాయంత్రం వంట గట్టు తుడిచి, చిప్పుల్లో ఉన్నదంతా కంప్యూటర్లోకి తీసింది. నమ్మకం చాలక రెండోసారి తీసి, రెండూ అక్షరం పొల్లు పోకుండా సరిపోయాక ఊపిరి పీల్చుకుంది. మేజోడు చిప్పుల్ని చంపలేదు.

అంకెల అడవిలో మాటలు వెతకడం మొదలుపెట్టింది. సరస్సుల పేర్లు, 'మంచు పగిలింది', 'మళ్ళీ ప్రయత్నించు', అన్నీ తెలిసినవే. వాటికి బాగా దూరంగా, ఎవరి కంటా పడకూడదని మూలకి నెట్టినట్టు నాలుగు మాటలు కనిపించాయి. సరస్సు. వేగం. వస్తువు. గాలి.

అంగట్లో అమ్మిన ఆటలో ఈ నాలుగూ లేవు. పోల్చి చూసింది. ఆ మాటలున్న చోట అందులో ఖాళీ.

ఇల్సా కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. 'సరస్సు' అంటే దూకే దారి, అర్థమైంది. 'వేగం' సరే. గాలితో ఏం పని వాళ్ళకి? ఆ మాటల్ని ఆటలో ఏ భాగం పిలుస్తోందో దారం పట్టుకుని వెనక్కి వెళ్ళింది. వెళ్ళగా వెళ్ళగా ఒక తాళం దగ్గర ఆగింది. ఫలానా బటన్లు ఫలానా వరసలో నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ వరస కూడా చదవగలిగింది. ఎడమ, ఎడమ, కుడి, పైకి, ఆపైన కంట్రోలర్ భుజాల మీది బటన్లు రెండూ కలిపి.

ఆటని కంప్యూటర్లోనే నడిపి, కంట్రోలర్ తీసుకుని నొక్కింది. ఏమీ కాలేదు. ఆట మొదలవకముందు నొక్కింది, పడవ నడుస్తుండగా నొక్కింది, ఆట ఆపి నొక్కింది. పడవ తన మానాన తను పోయింది.

అలా వారమంతా గడిచింది. మిల్లులో కాఫీ కలుపుకుంటూ కూడా ఆమె బొటనవేలు ఎడమ, ఎడమ, కుడి, పైకి అని కప్పు అంచు మీద కదులుతూనే ఉంది. ఇలాంటి పాత ఆటలే తవ్వే వింటన్ అనే స్నేహితుడు కెనడా నుంచి రాశాడు: "తాళం ఉంది, తలుపు పీకేశారమ్మా. ఇటుకలు పేర్చిన గుమ్మానికి తాళంచెవి పెట్టి తిప్పుతున్నావు. వదిలెయ్."

వదిలేద్దామనే అనుకుంది. కానీ తలుపు పీకేసేవాళ్ళు తాళానికి నూనె రాస్తారా? ఆ తాళం ప్రతి క్షణం మేలుకుని బటన్ల కోసం ఎదురుచూస్తూనే ఉంది. అది ఆమె కళ్ళారా చూస్తోంది. ఎదురుచూస్తూ, ఆమె నొక్కితే మాత్రం వినిపించుకోదు.

శుక్రవారం పని నుంచి తిన్నగా ఆష్‌కాష్‌లో అన్న ఇంటికి వెళ్ళింది. దారిలో ఎప్పుడూ కొనేచోటే చేప వేపుడు, రై రొట్టె, బంగాళాదుంప అట్లు కట్టించుకుంది. పలకని ఈసారి చిటుకు పుట్టని సంచిలో పెట్టి తెచ్చింది.

"దొరికిందా?" వదిన ట్రూడీ పొట్లాలు విప్పుతూ అడిగింది.

"తాళం దొరికింది. తెరుచుకోదు."

"అచ్చం మా ఆయనే," అంది ట్రూడీ.

"నా ముందరే చెప్పుకోండి," అన్నాడు నార్బ్. తిని, మందు వేసుకుని, నేలమాళిగలోకి దిగాడు. పాత యంత్రం, దానికి తగ్గ పొట్ట టీవీ అక్కడే ఉన్నాయి. పలక దూర్చి, పాడుబడ్డ సోఫాలో కూర్చున్నాడు. ఇల్సా పక్కన కూలబడింది. నార్బ్ పెట్టెలో చెయ్యి పెట్టి, పసుపెక్కిన రెండో కంట్రోలర్ పైకి లాగి, చిక్కుపడ్డ తీగ విప్పి యంత్రానికి గుచ్చి, ఆమె ఒళ్ళో పడేశాడు.

"ఇదుగో, నీది. గాలీ పక్షులూ చూసుకో."

ఆమె నవ్వుతూ దాంతో అతని భుజం మీద ఒకటి వేసింది.

ఇల్సా రెండో తరగతిలో ఉండగా మొదలైంది ఆ వ్యవహారం. అది ఒక్కరాడే ఆట. రెండో కంట్రోలర్ ఉత్త డబ్బా. నాకూ కావాలని ఏడిస్తే, పద్నాలుగేళ్ళ నార్బ్ దాన్ని ఆమె చేతిలో పెట్టి, పడవ నాది, గాలీ పక్షులూ నీవి అని ఒప్పందం చేసుకున్నాడు. ఆమె నమ్మింది. నమ్మి, నాలుక బయటపెట్టి శ్రద్ధగా గాలి నడిపింది. పడవ మునిగితే నార్బ్ గయ్యిమనేవాడు: "గాలి ఆలస్యం చేశావే!" "ఈసారి తొందరగా నొక్కుతాలే" అని ఆమె బతిమాలుకునేది. పక్కింటి లైల్ అది చూసి పడిపడి నవ్వి, నీ చేతిలోది దేనికీ పనిచెయ్యదే పిచ్చిమొహమా అన్నాడు. ఆమె కళ్ళ నీళ్ళతో వెళ్ళి అన్నని అడిగింది. నార్బ్ తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "లైల్ గాడికేం తెలుసు?" దాంతో ఇంకో చలికాలం మొత్తం ఆమె గాలి నడిపింది.

ఇప్పుడు నార్బ్ మొదటి సరస్సు మీద పడవ వదిలాడు. మందు పనిచేస్తోంది, పడవ తిన్నగానే పోతోంది. ఇల్సా మాట్లాడుతూ ఉంది, మిల్లు సంగతి ఏదో. వారమంతా కప్పుల మీదా స్టీరింగు మీదా కదిలిన బొటనవేలు అలవాటు కొద్దీ కదిలింది. ఎడమ, ఎడమ, కుడి, పైకి. చూపుడువేళ్ళు రెండూ కలిసి నొక్కుకున్నాయి.

పడవ ఆగింది. రాలుతున్న మంచు గాల్లోనే నిలబడిపోయింది. తెర మూల తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు.

"ఏం చేశావే?" నార్బ్ ఒక్క ఉదుటున ముందుకి వంగాడు.

"ఏం చెయ్యలేదు! అంటే, చేశాను. ఆగు, ఆగు, నువ్వేం ముట్టుకోకు."

"నేను ముట్టుకోలేదే. ముట్టుకున్నా కదలట్లేదు."

ఇల్సా తన చేతిలోని పసుపు డబ్బా వంక చూసింది. ఏ కంట్రోలర్ మాట వింటోందా తాళం అని ఆమె ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూడాల్సిన అవసరమే తోచలేదు. ఒక్కరాడే ఆటలో రెండోది ఉత్త డబ్బా అని ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? లైల్ చెప్పనే చెప్పాడు. ఇంట్లో కంప్యూటరుకి రెండో కంట్రోలర్ తగిలించను కూడా లేదు.

కిందికి నొక్కింది. వెలుగు 'వేగం' మీదికి జారింది, పక్కన ఎనిమిది అంకె. ఎడమ నొక్కితే ఏడయింది, ఆరయింది. బటన్ వదిలితే పడవ కదిలింది, తేనెలో ఈదుతున్నట్టు. మళ్ళీ ఎనిమిది చేస్తే మామూలుగా ఉరికింది. ఇంకా కిందికి వెళ్ళింది. 'గాలి'. కుడి నొక్కింది.

తెరచాప అటు నుంచి ఇటు తిరిగింది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. తెరే చూస్తూ కూర్చున్నారు. ఇల్సా ఎడమ నొక్కింది. తెరచాప వెనక్కి తిరిగింది.

"ట్రూడీ!" నార్బ్ పైకి కేకేశాడు. "ట్రూడీ, కిందికి రా! గాలి దీని చేతిలోనే ఉంది!"

"ఎవరి చేతిలో ఏముంది?" అంటూ ట్రూడీ తడిచేతుల్తోనే మెట్లు దిగింది.

నార్బ్‌కే ముందు తట్టింది అదెలా జరిగి ఉంటుందో. కార్ఖానాలో కొత్త లేత్ బిగించేటప్పుడు ఒకడు చక్రం దగ్గర నిలబడితే ఇంకొకడు పక్కనే ముల్లు చూస్తూ తిప్పుతాడు. ఒక్కడే రెండూ చేస్తే ఏదీ తిన్నగా రాదు. "వీళ్ళూ అలాగే పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఒకడు ఆడతాడు, రెండోవాడు వాడికి లోకం తిప్పిపెడతాడు," అన్నాడు.

వింటన్‌కి ఆమె శనివారం పొద్దున రాసింది, రెండోది గుచ్చి చూడమని. చాలాసేపటికి జవాబొచ్చింది: "మా ఇంట్లో నేనే పెద్దవాణ్ణి. మా తమ్ముడికి ఇచ్చినదానికి అసలు తీగే గుచ్చేవాణ్ణి కాదు. ఇవాళ ఫోన్ చేసి మాట్లాడతా వాడితో."

ఆదివారం మధ్యాహ్నం నార్బ్ ఇంట్లో భోజనాలయ్యాక అసలు గొడవ మొదలైంది. 'సరస్సు' మాట మార్చి తిన్నగా చివరిదానికి వెళ్దామా అంటే నార్బ్ వినలేదు, అది అనుకున్నదే. కనీసం వేగం తగ్గిద్దామంటే అదీ కుదరదన్నాడు.

"సరస్సు వేగాన్ని నువ్వు పట్టుకుని కూర్చుంటే నేను దాటినట్టు ఎలా అవుతుంది?"

"గట్టి ఉక్కు కొయ్యాలంటే లేత్ వేగం పెంచుతావా, తగ్గిస్తావా?"

"తగ్గిస్తా."

"అప్పుడు ఆ పని నువ్వు చేసినట్టా, లేత్ చేసినట్టా?"

"అది వేరు."

"ఎలా వేరో చెప్పు."

నార్బ్ మేజా మీద పరిచిన చేతుల్ని చూసుకుని, వెంటనే ఒళ్ళోకి లాక్కున్నాడు. "సరే. కానీ ఎంత తగ్గించావో బయటికి చెప్పాలి. నా కళ్ళు పడవ మీదుంటాయి, ఆ అంకె చూడలేను. నాకు తెలియకుండా ఒక్క గీత దించావో, యంత్రం పీకేస్తా."

"చెప్తా."

"గాలి ముట్టుకోకూడదు."

"గాలి నాదేగా!"

"నీదే. ముట్టుకోకు."

కిందికి దిగారు. మాళిగ కిటికీలోంచి మంచు వెలుతురు సోఫా మీద పడుతోంది. మొదటి సరస్సులు ఎనిమిది మీదే దాటాడు. అయిదో సరస్సు దగ్గర పడవ రెండుసార్లు మునిగింది. "ఏడు చెయ్యనా?" అంది ఇల్సా. "చెయ్." ఏడు అని గట్టిగా చదివింది. ఆ తర్వాత ఆరు. ఎనిమిదో సరస్సు దాటేసరికి అతని నుదురు తడిసింది, బొటనవేలు బటన్ మీద తబలా వాయిస్తోంది.

తొమ్మిదో సరస్సు. పగుళ్ళు పాముల్లా వెంటబడ్డాయి. పడవ మునిగింది. మళ్ళీ మునిగింది. ఆమె నోరు తెరవలేదు. అతను అడగాలి, తను చెప్పకూడదు అనిపించింది. ట్రూడీ ఉతికిన బట్టల బుట్టతో వచ్చి మెట్ల మీదే నిలబడిపోయింది.

"దించు," అన్నాడు నార్బ్, తెర మీంచి చూపు తియ్యకుండా.

"అయిదు."

"ఇంకా."

"నాలుగు. మూడు."

"అక్కడ ఉంచు."

మూడు మీద పగుళ్ళు ఎక్కడ పుడుతున్నాయో కనిపించింది. వణికే వేలు ఒకసారి అటూ ఒకసారి ఇటూ తప్పినా, తప్పు దిద్దుకునే జాగా ఉంది. పడవ ఒక పగులు చుట్టూ తిరిగింది, రెండో పగులు అంచున గీసుకుంటూ పోయింది. ఆఖరి పగులు దాటాక ముందంతా తెల్లటి గట్టిమంచు. ట్రూడీ చేతిలో బుట్ట కిర్రుమంది.

మంచు అయిపోయింది. ఒడ్డు ఉండాల్సిన చోట గులాబీ నలుపు గళ్ళు, గీతల కాగితం పరిచినట్టు. పడవ ఆ గళ్ళ మీదికెక్కి, వాటిలోంచి కిందికి జారిపోయి, సరస్సు ఇవతలి అంచున మళ్ళీ లేచింది.

"ఒడ్డేదే?" అన్నాడు నార్బ్.

"ఇంకా కట్టలేదురా. చిత్తు ప్రతి కదా." ఇల్సా గొంతు తనకే నచ్చలేదు. ఎనిమిది సరస్సులు తేలిగ్గా దాటే తోవ వెతుకుతూ, తొమ్మిదోదానికి ఒడ్డుందో లేదో చూడాలని తోచనే లేదు ఆమెకి. "అంగట్లో కొన్నదాంట్లో ఉంటుంది ఒడ్డు."

"అందులో నీ కంట్రోలర్ పనిచెయ్యదు," అన్నాడు. కంట్రోలర్ పక్కన పెట్టలేదు. మళ్ళీ సరస్సు మీదికి వదిలాడు పడవని. "అవతల ఏదో ఒకటి ఉండాలే. గళ్ళు మొదలయ్యే చోట ఆపు చూద్దాం."

ఈసారి మరి కాస్త బాగా దాటాడు. పడవ మంచు కొనకి వచ్చిందో లేదో ఇల్సా వేగం సున్నా చేసింది. పడవ ముక్కు గళ్ళకి అంగుళం ఇవతల నిలబడింది. అప్పుడు ఆమెకి నాలుగు మాటల్లో తాము ముట్టుకోనిది గుర్తొచ్చింది. 'వస్తువు'.

కుడి నొక్కుతూ పోయింది. తెర మధ్యలో ఒకటొకటే వచ్చాయి: పగులు, దుంగ, ఎర్ర జెండా, నీటికాకి, చెక్కల రేవు. ప్రతి సరస్సు చివరా ఉండే రేవే అది. పడవ తగిలితే తెరచాప దిగుతుంది, పడవవాడు లేచి టోపీ తీస్తాడు. ఈ చివరిదాన్ని మాత్రం ఎవరూ తెచ్చి పెట్టలేదు, అంతే.

"ఏం చేస్తున్నావు?"

"ఒడ్డు వేస్తున్నా."

"ఇది మటుకు మోసమే..."

"సరస్సు దాటావా లేదా?" అంది మెట్ల మీంచి ట్రూడీ.

"దాటాను."

"మరి దిగవద్దూ?"

ఇల్సా మొదటి చెక్క గళ్ళ మీద పెట్టింది. అది నిలిచింది. దాని పక్కన ఇంకోటి.

"కాస్త ఎడమకే. నా పడవ వంకరగా వస్తోంది."

"పడవ తిప్పుకో."

"ఎలా తిప్పుకోను, నువ్వు ఆపేస్తే!"

ఎడమకి జరిపింది. మరో రెండు చెక్కలు కలిపింది, దిగేవాడికి చోటుండాలని. "వదలనా?"

"మూడు మీదే వదులు."

"మూడు," అని చదివి వదిలింది.

పడవ ముక్కు రేవుకి తగిలింది. తెరచాప మడతలు పడుతూ దిగింది. పడవవాడు లేచి నిలబడి టోపీ తీశాడు. ఆ తర్వాత ఏం జరగాలో తయారుచేసినవాళ్ళు ఇంకా రాసుకోలేదు కాబట్టి ఏమీ జరగలేదు. అతను అలాగే టోపీ చేత్తో పట్టుకుని, గళ్ళ ఒడ్డుని చూస్తూ నిలబడ్డాడు. మంచు మెల్లగా కురుస్తూనే ఉంది.

ట్రూడీ బుట్ట మెట్టు మీద దించింది. నార్బ్ కంట్రోలర్ ఒళ్ళో వదిలేశాడు. చేతులు మోకాళ్ళ మీద బాహాటంగా పెట్టుకున్నాడు. అవి వణుకుతున్నాయి, అతను దాచుకోలేదు.

ఇల్సా 'వస్తువు' దగ్గరికే వెళ్ళి, ఒక నీటికాకిని తెచ్చి రేవు కొసన వాల్చింది.

నార్బ్ దాన్ని చాలాసేపు చూశాడు.

"లైల్ గాడికేం తెలుసే," అన్నాడు.